ట్రామా ఉన్న మనిషిని మొదటి రోజే "ఏం జరిగిందో చెప్పు" అని అడగొచ్చా? థెరపిస్టులు పాటించాల్సిన పద్ధతి, మన భాషలో

(వీడియో ఎపిసోడ్‌కి రాత రూపం)

వాడపల్లి నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చా. ఈసారి బుధవారం రికార్డ్ చేస్తున్నాను. శనివారం మా ఊళ్ళో మైక్ ఆన్ చేస్తే నా గొంతు వినపడదు, వెంకన్న దర్శనానికొచ్చిన జనం గొంతే వినపడుద్ది. ఏడు శనివారాల మొక్కు సంగతి మీకు తెలిసిందే. దాని గురించి కూడా ఈరోజు ఒక చోట మాట్లాడతాను, భక్తి కోణంలో కాదులెండి.

పోయిన నెల డిప్రెషన్ మీద ఎపిసోడ్ పెట్టాక ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చి చెప్తున్నా. ఒకమ్మాయి పెద్ద యాక్సిడెంట్ నుంచి బయటపడింది. ఆర్నెల్లయినా సరిగ్గా నిద్ర లేదు. ధైర్యం చేసి ఒక కౌన్సెలర్ దగ్గరికెళ్ళింది. మొదటి గంటలోనే, "మొత్తం మొదట్నుంచీ చెప్పమ్మా, లోపల పెట్టుకోకు, ఏడ్చేయ్, తేలికైపోద్ది" అన్నారంట. చెప్పింది, ఏడ్చింది. టైమ్ అయిపోయిందన్నారు. బయటికొచ్చి బస్టాండులో ఏ బస్సెక్కాలో తెలీక చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత నాలుగు రాత్రులు అసలు కన్ను మూత పడలేదు. "అన్నయ్యా, థెరపీ నా ఒంటికి పడదేమో" అని రాసింది.

ఆ అమ్మాయికి రాసిన జవాబే మీకూ చెప్తున్నా. థెరపీ పడకపోవడం కాదమ్మా, వరస తప్పింది. ట్రామా ఉన్నవాళ్ళకి చికిత్స చేసేవాళ్ళ కోసం ప్రపంచమంతా కొన్ని పద్ధతులు రాసుకున్నారు. ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత, ఏది అసలు చెయ్యకూడదు అని. అవి కౌన్సెలర్ల బీరువాల్లో ఉండిపోతే లాభం లేదు. అవతల కుర్చీలో కూర్చునే మనకి కూడా తెలియాలి.

నేను థెరపిస్ట్‌ని కాదండోయ్. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఆ తర్వాత కెమెరా ముందుకొచ్చినవాణ్ణి. ఇది చూసి ఎవరూ ఎవరికీ వైద్యం మొదలెట్టకండి. కానీ బ్రేకులు ఎలా పనిచేస్తాయో కాస్త తెలిసినవాడిని మెకానిక్ మోసం చెయ్యలేడు కదా, అంతవరకు పనికొస్తుంది. ఇక మీలో ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ, నర్సింగ్ చదివేవాళ్ళు చాలామంది ఉన్నారని కామెంట్లలో చూస్తున్నా. మీకైతే ఇది నేరుగా పనికొచ్చే విషయం.

మన కోనసీమ నుంచే మొదలుపెడదాం.

2014 జూన్ 27. మామిడికుదురు మండలం నగరం గ్రామం. తెల్లవారుజామున, ఊరింకా పూర్తిగా లేవని టైమ్. అక్కడి నుంచి కొండపల్లి ల్యాంకో పవర్ ప్లాంట్‌కి గ్యాస్ తీసుకెళ్ళే గెయిల్ పైప్‌లైన్ లీకైంది. గ్యాస్ ఇళ్ళ మధ్య పరుచుకుంది. నిప్పు తగిలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, పశువులు, కొబ్బరి చెట్లు మాడి మసైపోయాయి. అప్పటికి నేను ఇంటర్. మాది కోనసీమకి ఈ చివర, నగరం ఆ చివర. అయినా ఆ వారమంతా మా గోదారి గట్టు మీద కూడా అదే మాట.

ఇప్పుడు మీరే ఒక థెరపిస్ట్ అనుకోండి. అలాంటి ప్రమాదం చూసిన మనిషి, నలభై ఐదేళ్ళ వ్యక్తి, మీ ముందు కూర్చున్నాడు. వంటింట్లో కుక్కర్ ఆవిరి వదిలితే ఉలిక్కిపడతాడు. తెల్లారగట్ల అయిదింటికి ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేస్తుంది. గ్యాస్ స్టవ్ వెలిగించమంటే చెయ్యి వణుకుతుంది. మీరేమంటారు? "అయిపోయిందిగా అండి, ఇంక భయమెందుకు" అంటారా?

కోనసీమలో ఆ మాట చెల్లదు. పైపులు ఇంకా మన కాళ్ళ కిందే ఉన్నాయి. అంతకు ముందు 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరి తోటల్ని చాప చుట్టినట్టు చుట్టేసింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదారిలో బోటు మునిగింది. 2022 జులైలో లంకలన్నీ నీళ్ళలో ఉన్నాయి. అంటే ఆ నలభై ఐదేళ్ళ మనిషి కుర్రాడిగా ఉన్నప్పుడు పాశర్లపూడి మంట చూసి ఉండొచ్చు, మరుసటి ఏడాది తుపాను రాత్రి ఇంటి కప్పు లేచిపోవడం చూసి ఉండొచ్చు. ఒక గాయం కింద ఇంకో గాయం ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని "సంఘటన ఏది?" అనే గడిలో ఒకే తేదీ నింపితే సరిపోదు.

కాబట్టి మంచి థెరపిస్ట్ మొదట అడిగేది గతం గురించి కాదు, ఈరోజు గురించి. ఇప్పుడు మీరు ఎక్కడ పడుకుంటున్నారు? ఆ ఇల్లు సురక్షితమేనా? పైప్‌లైన్ గుర్తు రాయి ఇంటికి ఎంత దూరం? లీకైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసా? ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? నిజంగా ప్రమాదం ఉన్న చోట భయాన్ని జబ్బు అనడం తప్పు. ఏ భయం పనికొచ్చే భయం, ఏది ఒంట్లో ఇరుక్కుపోయిన భయం అనేది విడదియ్యాలి. ఇది చాలా ఓపిక తీసుకునే పని. చాలామంది ఈ మెట్టు దూకేస్తారు.

ఒంట్లో ఇరుక్కుపోవడం అన్నాను కదా, అదేంటో చూద్దాం. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది. పదో తరగతి ఫేర్‌వెల్ తలుచుకుంటే అది ఎప్పుడో జరిగిందని తెలుస్తూనే ఉంటుంది. ట్రామా జ్ఞాపకం టైమ్‌స్టాంప్ లేని ఫైల్ లాంటిది. తెరుచుకున్న ప్రతిసారీ ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. గుండె దడ, చెమట, అదే వాసన, అదే శబ్దం. అందుకని మనిషి దాన్ని గుర్తుచేసే వాటికి దూరంగా ఉంటాడు: ఆ దారి, ఆ వాసన, ఆ మాట. మనసులో "తప్పు నాదే", "ఎవర్నీ నమ్మకూడదు" లాంటివి పాతుకుపోతాయి. నిద్ర పోతుంది, కోపం ముక్కు మీద ఉంటుంది. ఇవన్నీ నెల దాటి కొనసాగుతూ, బతుకు నడవకుండా అడ్డుపడితే దాన్ని పీటీఎస్‌డీ అంటారు. 1980లో అమెరికా సైకియాట్రీ వాళ్ళ డీఎస్ఎం మూడో కూర్పులో ఈ పేరు ఎక్కింది. నెల అనే హద్దు ఊరికే పెట్టలేదు. పెద్ద ప్రమాదం తర్వాత మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, ఉలికిపాటు చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి అవి వాటంతటవే తగ్గిపోతాయి. మందో, థెరపీయో అక్కర్లేకుండానే.

మన పెద్దోళ్ళకి దీనికో మాట ఉంది తెలుసా? దడుపు. "పిల్లాడు దడుచుకున్నాడే, దడుపు జ్వరం" అంటారు. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. మన బీటెక్ బ్యాచ్ దాన్ని చూసి నవ్వుతాం. కానీ థెరపిస్ట్ నవ్వకూడదు. "పీటీఎస్‌డీ" అంటే బెదిరిపోయే అమ్మమ్మ గారు "దడుపు దిగలేదండి" అని తనంతట తనే చెప్తారు. ఆ మాటతోనే సంభాషణ మొదలెట్టొచ్చు. తాయెత్తు తీసెయ్యమనాల్సిన అవసరం ఏమీ లేదు. ఆ మనిషికి అది ధైర్యమిస్తుంటే ఉండనివ్వండి, పక్కన చికిత్స నడవనివ్వండి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మొదటి రోజే కథంతా చెప్పించొచ్చా?

"మనసులోది కక్కేస్తే తేలిక" అనేది మనందరి నమ్మకం. నిపుణులు కూడా చాలా కాలం అలాగే నమ్మారు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికా ఆయన ఒక పద్ధతి ప్రచురించారు. ఫైర్ సిబ్బంది, అంబులెన్స్ వాళ్ళు ఘోరమైనవి చూశాక కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనిపించింది అని వరసగా చెప్పించడం. దీన్నే డీబ్రీఫింగ్ అన్నారు. అది బాగా పాకిపోయింది. ప్రమాదం జరిగిన ప్రతిచోటా, ఆ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో వాళ్ళు కాని జనానికి కూడా, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చేసేశారు.

తర్వాత పరీక్షించి చూశారు. బ్రిటన్‌లో జొనాథన్ బిస్సన్ బృందం 1997లో ఒక అధ్యయనం అచ్చువేసింది. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు. నగరం గుర్తొస్తోందా? కొందరికి ఒక్కసారి డీబ్రీఫింగ్ చేశారు, కొందరికి చెయ్యలేదు. 13 నెలల తర్వాత చూస్తే, చెప్పించినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉంది. చెప్పించనివాళ్ళలో 9 శాతం. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. చెప్పించిన గుంపులో ముందు నుంచే కాలిన గాయాలు కొంచెం ఎక్కువ, కాబట్టి తేడా మొత్తం డీబ్రీఫింగ్ మీదే వెయ్యలేం. కానీ తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగుతుందనడానికి ఆధారం లేదు, తప్పనిసరిగా చేయించడం ఆపాలి అని తేల్చింది.

ఎందుకిలా అవుతుంది? నాకు అర్థమైనంతలో చెప్తా. ఒళ్ళు ఇంకా మంటల్లోనే ఉందనుకునే సమయంలో మళ్ళీ ఆ మంటల్లోకి తీసుకెళ్ళి, చల్లారే టైమ్ ఇవ్వకుండా గంట కొట్టగానే బయటికి పంపిస్తే, ఆ జ్ఞాపకం ఇంకోసారి అచ్చు పడుతుంది. పైగా తనంతట తాను కోలుకునే దారిలో ఉన్న మనిషికి మధ్యలో అడ్డుపడినట్టు కూడా అవుతుంది.

దీని బదులు ఏం చెయ్యాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక చిన్న గైడ్‌లో పెట్టింది. సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్. అందులో మూడే పనులు: చూడు, విను, కలుపు. చుట్టూ ప్రమాదం ఏమైనా ఉందా చూడు, ఎవరికి అర్జెంటుగా సాయం కావాలో చూడు. పక్కన కూర్చుని, వాళ్ళు చెప్తే విను, చెప్పకపోతే ఊరుకో. నీళ్ళు, అన్నం, దుప్పటి, తప్పిపోయిన మనుషులు, ఆసుపత్రి, వీటితో కలుపు. ఏం జరిగిందో చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదని అందులో స్పష్టంగా ఉంది. దీనికి డిగ్రీ అక్కర్లేదు, వరదలప్పుడు లంకల్లో పడవ మీద అన్నం పొట్లాలు పంచే మన కుర్రాళ్ళు కూడా చెయ్యొచ్చు. 2013లో అదే సంస్థ ఇంకోటి చెప్పింది: ఘోరం జరిగిన మొదటి నెలలో ఒత్తిడి లక్షణాలకీ, నిద్ర పట్టకపోవడానికీ బెంజోడయజెపైన్ రకం మాత్రలు ఇవ్వొద్దని. మనూళ్ళో అలవాటుగా అడిగే "నిద్రమాత్ర" చాలాసార్లు ఆ రకమే. అయితే ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఈ వీడియో చూసి టక్కున ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టర్ గారితో మాట్లాడి తగ్గించుకోవాలి.

మన దేశంలో కూడా దీని మీద పని జరిగింది. 1984 డిసెంబర్ భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత అక్కడ సైకియాట్రిస్టులు ఎంతమందని దొరుకుతారు? అందుకే మామూలు ప్రభుత్వ డాక్టర్లకి మనసు సంగతులు నేర్పడానికి ఐసీఎంఆర్ 1987లో ఒక మాన్యువల్ తెచ్చింది. బెంగళూరు నిమ్హాన్స్‌కి చెందిన డాక్టర్ ఆర్. శ్రీనివాస మూర్తి గారు, ఆయన సహచరులు రాశారు. కోనసీమలో మనకి ఇది ఎందుకు ముఖ్యమంటే, దడుపు ఉన్న మనిషి ముందు వెళ్ళేది సైకియాట్రిస్ట్ దగ్గరికి కాదు. పీహెచ్‌సీకి వెళ్ళి "ఒళ్ళు మంటలండి, గుండె దడండి, తిన్నది అరగట్లేదండి" అంటాడు. గ్యాస్ మాత్ర రాసి పంపేస్తే అక్కడితో సరి. "ఈమధ్య ఏదైనా పెద్ద భయం జరిగిందా అండి?" అని ఒక్క ప్రశ్న అడిగితే దారి తెరుచుకుంటుంది.

సరే, నెల దాటింది, తగ్గలేదు, మనిషి థెరపిస్ట్ దగ్గరికొచ్చాడు. ఇప్పుడు వరస ఏంటి?

జూడిత్ హెర్మన్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ 1992లో రాసిన "ట్రామా అండ్ రికవరీ" పుస్తకంలో మూడు దశలు చెప్పారు. మొదట భద్రత. తర్వాత జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం. ఆపైన మళ్ళీ మనుషుల్లో, బతుకులో కలవడం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే మనం ఏం చేస్తాం? ముందు సర్వీస్ నిలబెడతాం. రూట్ కాజ్ మీటింగ్ మర్నాడు. సర్వర్ తగలబడుతుంటే లాగ్స్ చదువుతూ కూర్చోం. అలాగని రూట్ కాజ్ అసలు చూడకుండా వదిలేస్తే వచ్చే వారం మళ్ళీ రాత్రి రెండింటికి ఫోన్ మోగుద్ది. ఈ రెండో సగం గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి వస్తాను.

మొదటి దశలో గది ఎలా ఉండాలో చెప్తా, ఎందుకంటే ఇది మీరు కళ్ళతో చూసి పట్టుకోగలిగిన విషయం. ఏ కుర్చీలో కూర్చుంటారో మీరే ఎంచుకోమంటారు, చాలామందికి తలుపు కనిపించే కుర్చీ కావాలి. తలుపు గడియ పెట్టాలంటే అడిగి పెడతారు. ఓదార్పుగా భుజం మీద చెయ్యి వెయ్యరు, అడగకుండా అసలే వెయ్యరు. ఈరోజు ఏం చేస్తాం, ఎంతసేపు, వచ్చేసారి ఏం చేస్తాం అని ముందే చెప్తారు. "ఏ ప్రశ్నకైనా మీరు వద్దు అనొచ్చు, చెయ్యి ఎత్తితే ఆపేస్తాను" అంటారు. ట్రామా చేసేదేంటి? మనిషి చేతిలోంచి అదుపు లాగేసుకుంటుంది. జరుగుతున్నది ఆపలేకపోయాడు, అదే అసలు దెబ్బ. కాబట్టి గదిలో చిన్న చిన్న విషయాల్లో ఆ అదుపు తిరిగి చేతిలో పెట్టడమే చికిత్స మొదలు. "చెప్పు చెప్పు" అని ఒత్తిడి చేస్తే, ఎంత ప్రేమగా చేసినా, ఆ పని తలకిందులవుతుంది.

ఇక్కడే నాకు మా ఊరి శనివారాలు గుర్తొస్తాయి. ఏడు శనివారాలు అని లెక్క ముందే తెలుసు. ఏ రోజు రావాలో తెలుసు, వచ్చి ఏం చెయ్యాలో తెలుసు, ఎప్పుడు పూర్తవుద్దో తెలుసు. కష్టంలో ఉన్న మనిషికి ఆ ఖచ్చితత్వమే సగం ఊరట. థెరపీలో కూడా అదే వారం, అదే టైమ్, అదే గది అని పట్టుబట్టేది ఇందుకే. ట్రామా చికిత్సలు చాలావరకు వారానికోసారి, పన్నెండు అటూ ఇటూ సెషన్లు. "ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?" అంటే "చూద్దాం" అని మాత్రమే జవాబొస్తే, మళ్ళీ అడగండి.

ఈ దశలో నేర్పేవాటిలో ఒకటి గ్రౌండింగ్. జ్ఞాపకం లాక్కెళ్తున్నప్పుడు మనిషిని ఈ గదిలోకి, ఈ తేదీలోకి తెచ్చే పని. కనిపించే అయిదు వస్తువులు చెప్పండి, తాకగలిగే నాలుగు, వినపడే మూడు, ఇలా. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. థెరపిస్ట్ చూడాల్సింది ఇంకోటి ఉంది, అది రీల్స్‌లో చెప్పరు. ఏడుస్తూ వణుకుతున్నవాళ్ళని చూసి అందరూ గుర్తుపడతారు. కానీ కొంతమంది మాట మధ్యలో బొమ్మలా అయిపోతారు. ముఖంలో ఏమీ ఉండదు, గొంతు చదునుగా, వార్తలు చదివినట్టు చెప్పేస్తారు. "భలే ధైర్యంగా చెప్పింది" అనుకుంటాం. అది ధైర్యం కాకపోవచ్చు. ఒళ్ళు ఫ్యూజు తీసేసిందన్నమాట. అప్పుడు కథ కొనసాగించకూడదు. ఆపి, పేరు పిలిచి, కాళ్ళు నేల మీద ఆనించమని, నీళ్ళు తాగమని మెల్లగా వెనక్కి తేవాలి. సెషన్‌లో చివరి పది నిమిషాలు దీనికోసమే ఉంచుకోవాలి. ఇంటికి ఎలా వెళ్తారు, ఇంట్లో ఎవరున్నారు, రాత్రి కష్టంగా ఉంటే ఏం చేస్తారు. ఆ బస్టాండు అమ్మాయికి అందనిది ఈ పది నిమిషాలే.

ఇప్పుడు ఇందాకటి రెండో సగం. కథ అసలు అడగకుండా నెలలకి నెలలు "ఊపిరి పీల్చండి, వదలండి" అని నడిపించేసేవాళ్ళు కూడా ఉన్నారు. అదీ తప్పే అని నా అభిప్రాయం. గట్టి ఆధారాలున్న చికిత్సలన్నీ చివరికి ఆ జ్ఞాపకం దగ్గరికి వెళ్ళేవే. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ ఉంది. ఎడ్నా ఫోవా తీర్చిదిద్దిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఉంది. ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టిన ఈఎండీఆర్ ఉంది. సురక్షితమైన గదిలో, తన ఇష్టంతో, తన వేగంతో ఆ జ్ఞాపకాన్ని పదే పదే ముట్టుకుంటే మెదడు దానికి మెల్లగా తేదీ వేస్తుంది. అది 2014, ఇది ఇప్పుడు అని. స్టవ్ వెలిగించలేని మనిషి ముందు ఆరిన స్టవ్ పక్కన నిలబడతాడు, తర్వాత ఇంకొకరు వెలిగిస్తుంటే చూస్తాడు, తర్వాత తను. అయితే ఆ స్టవ్, ఆ రెగ్యులేటర్ నిజంగా బాగున్నాయని చూసుకున్నాకే.

భద్రత దశ ఎన్నాళ్ళుండాలి అనే దాని మీద నిపుణుల మధ్యే గొడవ ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన అద్ డి యాంగ్, మరికొందరు 2016లో ఒక వ్యాసం రాశారు. ముందు సిద్ధం చేసే దశ అందరికీ తప్పనిసరి అనడానికి తగిన ఆధారాలు లేవు, దానివల్ల అసలు చికిత్స ఆలస్యమవుతోంది అని. నాకు వాళ్ళ మాటలో న్యాయం కనిపిస్తుంది. కానీ జాగ్రత్తగా చదవండి, వాళ్ళు కూడా అనుమతి లేకుండా చెప్పించమనలేదు. శిక్షణ ఉన్న మనిషి, పద్ధతి ప్రకారం, ముందే వివరించి, ఒప్పించుకుని చేసే పనికీ, మొదటి గంటలో "ఏడ్చేయ్ అమ్మా" అనడానికీ చాలా తేడా ఉంది.

ఇంకొన్ని మన ఊళ్ళ తలనొప్పులు. ఒకటి, గదిలోకి అత్తగారో, మావయ్యో కూడా వచ్చి కూర్చుంటారు. ప్రేమే, కాదనను. కానీ దెబ్బ కొట్టింది ఇంట్లోవాళ్ళే అయితే? అందుకని కాసేపైనా ఒంటరిగా మాట్లాడటం రూల్‌గా పెట్టుకోవాలి, "అందరికీ ఇలాగే చేస్తామండి" అని చెప్తే ఎవరూ నొచ్చుకోరు. రెండు, రహస్యం. మనూళ్ళో నువ్వు ఏ ఆటో ఎక్కావో సాయంత్రానికి టీకొట్టులో తెలిసిపోద్ది. థెరపిస్ట్ ఏది దాస్తాడో, ఏది దాయలేడో మొదటి రోజే చెప్పాలి. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. అది ముందు చెప్పకుండా, అంతా విన్నాక చెప్తే ఆ పిల్లకి అది ఇంకో ద్రోహంలా ఉంటుంది. మూడు, మన దుఃఖం ఒంటరి దుఃఖం కాదు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో గైత్రీ ఫెర్నాండో అనే సైకాలజిస్ట్ గమనించింది ఇదే. అక్కడివాళ్ళు తమ బాధని లోపలి లక్షణాలుగా కంటే, తెగిపోయిన బంధాలుగా, కుటుంబంలో తాము పోషించే పాత్ర పోవడంగా ఎక్కువ చెప్పారు. "నాకు నిద్ర రావట్లేదు" కంటే "పెద్దకొడుకుగా నేను చెయ్యాల్సింది చెయ్యలేకపోయాను" అనేది మన దగ్గర కూడా పెద్ద గాయం. ప్రశ్నపత్రంలో ఆ గడి ఉండదు, అడగాల్సింది థెరపిస్టే.

వినేవాళ్ళ సంగతి కూడా ఉంది. రోజూ ఇవే వింటే వాళ్ళకీ కలలొస్తాయి, వాళ్ళకీ లోకం మీద నమ్మకం సడలుతుంది. 1990లోనే మెకాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు దీనికి వికేరియస్ ట్రామా అని పేరు పెట్టారు. మన దగ్గర ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వినే ఆశా కార్యకర్త, నర్సు కూడా అదే ఊరి మనిషి, అదే వరదలో మునిగిన ఇల్లు ఆవిడది కూడా. పైన ఒక సీనియర్‌తో క్రమం తప్పకుండా మాట్లాడే ఏర్పాటు, రోజుకి ఇన్ని కేసులే అనే హద్దు, ఇవి సౌకర్యాలు కాదు, పనిలో భాగం. సైకాలజీ చదివే మీరు ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతో పాటు ఇది కూడా అడగండి.

చివరిగా మన చేతిలో ఫోన్ గురించి. ప్రమాదం జరిగిన చోట ఏడుస్తున్న మనిషి ముఖం మీద కెమెరా పెట్టి "ఏం జరిగిందండీ?" అని అడగటం, నేను ఇందాకటి నుంచీ చెప్తున్న డీబ్రీఫింగ్ కంటే ఘోరం. దానికి గది లేదు, ఆపే హక్కు లేదు, పైగా ఆ క్లిప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, పదేళ్ళ తర్వాత ఆ మనిషి ఫోన్‌కే ఫార్వర్డ్ అయి వస్తుంది. మానసిక ఆరోగ్య చికిత్సలో ఉన్న వ్యక్తి ఫొటో గానీ, వివరాలు గానీ వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 24వ సెక్షన్ చెప్తుంది.

సాయం కావాల్సినవాళ్ళకి: టెలీ మానస్, నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్ళాలంటే మనకి దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రైవేటుగా క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబర్ అడిగితే చెప్పాలి. ఉత్త "కౌన్సెలర్" అని ఉంటే ఏం చదివారు, ఎక్కడ శిక్షణ తీసుకున్నారు అని అడగండి. మొహమాటపడకండి. వెయ్యి రూపాయల ఇయర్‌బడ్స్ కొనడానికి నలభై రివ్యూలు చదువుతాం కదండీ.

మొదటి రోజు వెళ్ళినప్పుడు ఈ మాట కాయితం మీద రాసుకెళ్ళి, నోరు పెగలకపోతే కాయితమే ఇచ్చేయండి: "ఏం జరిగిందో ఈరోజు చెప్పలేను. ముందు నిద్ర సంగతి చూద్దాం. మిగతాది నేను సిద్ధంగా ఉన్నప్పుడు చెప్తాను." దానికి వాళ్ళు "సరే అండి" అంటే, వచ్చే వారం కూడా వెళ్ళండి.